దండనీతియు రైతు వివేకమును

పాలనము పుట్టుకతో వచ్చు నేర్పని మన పూర్వులు తలంపలేదు. రాజకుమారుడు దండనీతిని చెప్పువారియొద్దను, నడపువారియొద్దను నేర్వవలెనని కౌటిల్యుడు విధించెను. ప్రజాస్వామ్యమున రాజకుమారులు లేరు గనుక నా విద్య నేడు విశ్వవిద్యాలయముల వశమైనది. అది ఏలువారికి ఆజ్ఞాపించుట నేర్పుచున్నదా, ప్రజల మాట వినుట నేర్పుచున్నదా యనునదే మనము విచారింపవలసిన ప్రశ్న.

అమెరికాలోని ఇండియానా విశ్వవిద్యాలయమున 1972లో వెలసిన ప్రజావ్యవహార పాఠశాల నిందుకు నిదర్శనముగ గైకొందము. మాజీ ఆర్థికమంత్రి పాల్ ఓనీల్ పేరు దానికి 2019లో పెట్టబడినది. ప్రభుత్వ నిర్వహణమును, పర్యావరణ విజ్ఞానమును ఒక్కచోట బోధించుట దాని విశేషము. ఎలినార్ ఓస్ట్రోం రాజనీతిశాఖతోపాటు ఇచటను ఆచార్యురాలై యుండెను. ఆమెయు భర్త విన్సెంటును 1973లో అదే విశ్వవిద్యాలయమున నొక పరిశోధనాలయమును స్థాపించి, చేతిపనివారిని తలచి దానికి 'పనిశాల' యని పేరిడిరి.

ఉమ్మడి సొత్తు పాడుపడక తప్పదనియు, దానిని సర్కారు వశపరచుకొనుటయో, పంచి సొంతము చేయుటయో తప్ప గత్యంతరము లేదనియు నానాటి పండితుల వాదము. ఓస్ట్రోం నేపాళ దేశపు కాలువలను పరిశీలింపగా వేరొక సత్యము గోచరించెను. సర్కారువారి పక్కా కట్టడములకంటె రైతులు నడుపుకొను మట్టికాలువలే చివరి పొలములకు నీరు మెరుగుగ నందించుచుండెను. ఏటేట కాలువ బాగుచేయుటకు చివరివారి రెక్కలు మొదటివారికి కావలెను గనుక వారి నీటిని వీరు కాజేయరైరి. విఫలమైన సంఘములనుగూడ ఆమె దాచలేదు. అర్థశాస్త్రమున నోబెల్ బహుమతి పొందిన ప్రథమ మహిళగ 2009లో ఆమె కీర్తి గాంచెను.

ఈ సత్యము మన కర్నూలు మండలమునను కనబడినది. కాలువ చివర నీటి కరవుగల గ్రామములు తమంత తామే నీరు పంచువారిని, పంటకాపరులను నియమించుకొని, ఉమ్మడి నిధి నిలుపుకొనెనని రాబర్ట్ వేడ్ తన 1988 నాటి గ్రంథమున నిరూపించెను. ఏ శాసనమును వారి నట్లు చేయుమనలేదు, అవసరమే చేయించినది.

1997లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము శాసనము చేసి పదివేలకు పైగా నీటి సంఘములను నెలకొల్పెను. సంకల్పము శ్లాఘ్యము. కాని శాసనము సంఘమునకు దేహము నీయగలదు, ప్రాణము పోయలేదు. వంతులు నిర్ణయించు అధికారము, తప్పినవానికి, వాడెంతటి మోతుబరియైనను, జరిమానా వేయగల ధైర్యము లేనిచో సంఘము పేరుపలకగానే మిగులును. కాలువ మొదట పొలముగలవారు ఈ మాట ముందుగ తమకే చెప్పుకొనవలెను.

కౌటిల్యుడు చెప్పిన యిరువురు గురువులకు మూడవ గురువును చేర్చవలసిన కాలము వచ్చినది. విధానము ఎవని పొలముమీద అమలగునో ఆ రైతే యా గురువు. అతనిని గౌరవించు పాఠశాలయే దండనీతికి నిజమైన పీఠము.