నాటి చరిత్రమును నేడు నడచి చూపుట

క్రిస్మసు నాటకమున గొఱ్ఱెలకాపరి వేషము ధరించి, కఱ్ఱ చేతబట్టి మంచులో నిలిచిన బాలుడు, తాను చదివిన కాపరిని మరియొక రీతిగా గ్రహించును. చరిత్రమును తిరిగి ఆచరించి చూపుటయు నిట్టిదే.

1930 మార్చి 12వ తేదీన గాంధీమహాత్ముడు 78 మంది అనుచరులతో సబర్మతి నుండి బయలుదేరి, సుమారు 240 మైళ్లు నడచి దండి చేరి, ఏప్రిల్ 6వ తేదీన దొరతనమువారి ఉప్పు చట్టమును అతిక్రమించెను. ఆ అనుచరులలో కేరళీయుడగు టైటస్ అను క్రైస్తవుడును ఉండెను. డెబ్బదియైదేండ్ల పిమ్మట, 2005లో అదే దినమున, మహాత్ముని మునిమనుమడగు తుషార్ గాంధీతో స్వచ్ఛంద యాత్రికులు ఆ త్రోవనే మరల నడవసాగిరి.

దీనివలన ప్రయోజనమేమని కొందరడుగవచ్చును. పటములో జానెడైన లేని దూరము పాదములకెంతయో నడచినవారికే తెలియును. అయినను, చెరసాలకు సిద్ధపడిన వాని మనస్సు వేషముతో రాదు. ఈ భేదమును మరువక, నాటి వస్త్రమును, ఆహారమును, పనిముట్టును విచారించి తెలిసికొని, తెలియనిదానిని కల్పింపని వాడే నిజమైన సేవకుడని మా అభిప్రాయము.

మన నెల్లూరు తీరమునను ఉప్పుమళ్లు కలవు. చిల్లకూరు బాలురు ఉప్పు సత్యాగ్రహమును ప్రదర్శింపదలచినచో, ముందుగా అచ్చటికి బోయి, మడికి నీరు పెట్టుటయు, ఎండకు ఉప్పు పేరుటయు, దానిని పోగుచేయు శ్రమయు కన్నులార చూచి నేర్చుకొందురు గాక.