పల్లపు ఇంటికి టి.వి. ప్రసారాలు: పైపు ఎత్తు కన్నా దిక్కు ముఖ్యం

ఖరగ్‌పూర్ రైల్వే కర్మాగారంలో కొలువుల కొరకు తరాల క్రితం తరలివచ్చిన తెలుగు కుటుంబాలకు, మాతృభాషలో వార్తలు, పాటలు ఇంటికే తెచ్చే సాధనం టి.వి. అయితే రైలు కట్టల దిగువన, పల్లంలో ఇల్లు ఉన్నవారు బొమ్మ సరిగా రాకపోతే పొడవాటి ఇనుప పైపు, బూస్టరు కొనడానికి సిద్ధపడతారు. ఆ ఖర్చుకు ముందు కొన్ని విషయాలు తెలుసుకోవడం అవసరం.

పాత ఏంటెనా పరిమితి

నేలమీది టవరు నుండి వచ్చే టి.వి. తరంగాలు దాదాపు సూటిగా ప్రయాణిస్తాయి. టవరు 100 మీటర్లు, మీ ఏంటెనా 9 మీటర్లు ఎత్తున ఉంటే, భూమి వంపు కారణంగా అవి సుమారు 54 కిలోమీటర్ల వరకే చక్కగా అందుతాయి. కలకత్తా ఇక్కడికి సూటిగా సుమారు 110 కిలోమీటర్లు. పైపును మరో పది అడుగులు పెంచినా ఫలితం స్వల్పమే. బూస్టరు ఉన్న సంకేతంతోపాటు రొదను కూడా పెంచుతుంది; లేని సంకేతాన్ని సృష్టించలేదు. పైగా దూరదర్శన్ అనలాగ్ ట్రాన్స్‌మిటర్లలో అత్యధికం 2022 నాటికి మూతపడ్డాయి.

డిష్‌కు కావలసినది తెరిపి

నెలసరి చందా లేని డి.డి. ఫ్రీ డిష్ ద్వారా దూరదర్శన్ సప్తగిరి, యాదగిరి ఛానళ్ళు చూడవచ్చు. ఈ ప్రసారాలు 2015లో ప్రయోగించిన జీశాట్-15 నుండి వస్తాయి. అది సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉన్నది కనుక ఇల్లు పది అడుగులు పల్లంలో ఉన్నా నష్టం లేదు.

ఖరగ్‌పూర్ నుండి చూస్తే ఆ ఉపగ్రహం దక్షిణానికి 16 డిగ్రీలు తూర్పుగా, 63 డిగ్రీల ఎత్తున ఉంటుంది. ఆ దిక్కున డిష్ కన్నా 20 అడుగులు ఎత్తైన చెట్టు ఉంటే, కొమ్మల నుండి 15 అడుగుల దూరం పాటించడం మేలు.

సూర్యుడే దీనికి సాక్షి. మార్చి 11 ప్రాంతంలో ఉదయం సుమారు 11.20 గంటలకు, అక్టోబరు 3 ప్రాంతంలో సుమారు 11 గంటలకు సూర్యుడు ఇంచుమించు ఆ స్థానంలోనే ఉంటాడు. అప్పుడు మీరు ఎంచుకున్న చోట ఎండ పడితే దారి తెరిపిగా ఉన్నట్లే. ఆ రోజుల్లో కొద్ది నిమిషాలు బొమ్మ చెదరవచ్చు. అది సెట్టు లోపం కాదు.

అమర్చేటప్పుడు గమనించవలసినవి

1. డిష్ నిలిపే గొట్టం నిట్టనిలువుగా ఉండాలి.
2. దిక్సూచిని ఇనుముకు దూరంగా ఉంచి చూడాలి.
3. తెరపై 'క్వాలిటీ' అంకె గరిష్ఠమయ్యేవరకు డిష్‌ను, ఎల్.ఎన్.బి.ని కొద్దికొద్దిగా తిప్పాలి.
4. కేబులు అతుకుల్లోకి వాననీరు చేరనీయరాదు. పల్లపు ఇంట్లో బాక్సును, ప్లగ్గును నేలకు ఎత్తుగా అమర్చాలి.
5. రైల్వే విద్యుత్ తీగల్లో 25,000 వోల్టులు ప్రవహిస్తాయి. వాటి చేరువలో ఇనుప గొట్టం ఎత్తడం ప్రాణాపాయం.
6. ఉరుములు మొదలుకాకముందే ప్లగ్గు, కేబులు రెండూ తీసివేయాలి.

కుంభవృష్టిలో బొమ్మ కాసేపు నిలిచిపోవడం సహజం. చిన్నపాటి వానకే తరచు నిలిచిపోతుంటే, దిక్కు సరిచూసిన పిమ్మటనే పెద్ద డిష్ సంగతి ఆలోచించాలి.

డీలర్లకు, ఖాతాదారులకు

డీలర్లు ముందుగా స్థలం చూసి, తెరిపి ఉన్నదని నిర్ధారించుకొన్న తరువాతే సామాను అమ్మాలి; బిల్లు, గ్యారంటీ కార్డు తప్పక ఇవ్వాలి. ఖాతాదారులు పంట కొరకు, వ్యాపారం కొరకు తీసుకొన్న రుణాన్ని ఈ ఖర్చుకు మళ్ళించరాదు. ఇది ఒక్కసారి పెట్టే ఖర్చు కనుక, పొదుపు సొమ్ముతో కొన్నవారికి వడ్డీ భారం ఉండదు.