కొండెక్కే సంచి: బరువు తక్కువ, గాలి ఎక్కువ

వేసవి సెలవులు దగ్గర పడేసరికి మా హాస్టల్లో తమ్ముళ్ళ నుంచి ఒక ప్రశ్న తప్పకుండా వస్తుంది. "అన్నా, ట్రెక్కింగ్ క్యాంపుకు పేరు ఇచ్చినం. బ్యాగు ఏది కొనాలె?" ఎన్‌.సి.సి. వాళ్ళు, ఎన్‌.ఎస్‌.ఎస్. వాళ్ళు, రాక్ క్లైంబింగ్ నేర్చుకోవాలని ఉబలాటపడేవాళ్ళు అందరూ అడిగేది ఇదే. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పేకంటే ఈ వార్షికోత్సవ సంచికలో అందరికీ కలిపి రాస్తే మేలని సీనియర్లమంతా కూర్చుని అనుకున్నాము. మేము మోసి తెలుసుకున్నదీ, చదివి తెలుసుకున్నదీ కలిపి ఇక్కడ పెడుతున్నాము.

కొండలు మనకు కావు, డబ్బున్నవాళ్ళకు అని ఎవరైనా అంటే నమ్మవద్దు. 2014 మే 25న ఎవరెస్టు శిఖరం మీద నిలబడిన మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ మన సాంఘిక సంక్షేమ గురుకులాల విద్యార్థులే. అప్పటికి పూర్ణ వయసు 13 ఏళ్ళ 11 నెలలు. నేపాల్ వైపు నుంచి ఎక్కాలంటే 16 ఏళ్ళు నిండాలన్న నిబంధన ఉంది కాబట్టి వాళ్ళు టిబెట్ వైపు నుంచి ఎక్కారు. వాళ్ళ శిక్షణ మొదలయింది మనకు కూతవేటు దూరంలో ఉన్న భువనగిరి గుట్ట మీద. ఆ తర్వాత డార్జిలింగ్, లడఖ్. పూర్ణ అక్కడితో ఆగలేదు. 2022 నాటికి ఏడు ఖండాల్లోని ఎత్తయిన శిఖరాలు ఏడూ ఎక్కింది. కాబట్టి మన హాస్టల్ పిల్లలకు కావలసింది ధైర్యం గురించిన ఉపన్యాసం కాదు, సరైన సంచి.

సంచి గురించి ఇంత రాయాలా అనిపించవచ్చు. రెండో రోజు ఉదయం భుజాలు వాచి, వీపంతా చెమటకు పొక్కి, "సార్, నేను క్యాంపులోనే ఉంటా" అని వెనకబడేవాడిని చూస్తే ఎందుకు రాయాలో తెలుస్తుంది. వాడి కాళ్ళలో బలం ఉంటుంది, ఊపిరీ ఉంటుంది. వాడిని ఆపింది సంచి. ఎంపిక కోసం పెట్టే క్యాంపుల్లో ఇలా ఆగిపోయినవాడికి మళ్ళీ అవకాశం ఎప్పుడొస్తుందో చెప్పలేము.

ముందు బరువు లెక్క చూద్దాం. బడి సంచికి తెలంగాణ ప్రభుత్వం 2017లోనే తరగతిని బట్టి బరువు పరిమితి పెట్టింది, పదో తరగతికి 5 కిలోలు. 2020లో వచ్చిన జాతీయ స్కూలు బ్యాగు విధానం పిల్లల బరువులో పదోవంతు మించకూడదన్నది. కొండ సంచి అంతకంటే బరువుగానే ఉంటుంది, తప్పదు. ట్రెక్కింగ్ చేసేవాళ్ళు మామూలుగా తమ బరువులో అయిదోవంతు దగ్గర గీత గీసుకుంటారు. మన తమ్ముడి బరువు 45 కిలోలు అనుకుందాం. అయిదోవంతు అంటే 9 కిలోలు. అందులో నీళ్ళు 2 కిలోలు, స్లీపింగ్ బ్యాగు కిలోన్నర, బట్టలు కిలోన్నర, రెండు రోజుల తిండి కిలో మూడువందలు, టార్చి, ప్లేటు, మందులు, రెయిన్‌కోటు అన్నీ కలిపి ఒక కిలో. మొత్తం 7 కిలోల 300 గ్రాములు. ఇప్పుడు ఖాళీ సంచే 2 కిలోలుంటే 9 దాటిపోయింది. అదే కిలోం పావు సంచి అయితే గీత లోపలే ఉన్నాము. బజారులో బరువు తక్కువ సంచి అని వెతకడం ఇందుకే, షోకు కోసం కాదు. 40 నుంచి 50 లీటర్ల సంచి రెండు మూడు రోజుల ట్రెక్కుకు సరిపోతుంది. అంతకు మించి పెద్దది కొంటే ఖాళీ కనబడిన ప్రతి మూలా నింపాలనిపిస్తుంది, అది మనిషి గుణం.

షాపువాళ్ళు చెప్పే లీటర్లను నమ్మే పని లేదు. టేపు పెట్టి పొడవు, వెడల్పు, లోతు సెంటీమీటర్లలో కొలిచి మూడూ గుణించి వెయ్యితో భాగిస్తే లీటర్లు వస్తాయి. 60, 30, 25 అయితే 45 లీటర్లు. ఏడో తరగతి లెక్క ఇది.

ఇక బరువు ఎక్కడ పడాలి? మన తాతలు కావడి మోసేవాళ్ళు. బరువును రెండు కొసలకు పంచి, వెదురు బద్ద సాగుతూ ఊగుతుంటే ఆ ఊపుకు తగ్గట్టు అడుగు వేసేవాళ్ళు. అంత తెలివైన పనిముట్టులో కూడా భారమంతా భుజం మీదే. 1991లో ఆల్ప్స్ పర్వతాల మంచులో దొరికిన సుమారు 5,300 ఏళ్ళ నాటి మనిషి దగ్గర వంచిన కొయ్య చట్రం ఒకటి కనబడింది, వీపున మోసే మూట కోసం చేసుకున్నదని పరిశోధకులు భావిస్తారు. 1950వ దశకం మొదట్లో అమెరికాలో డిక్ కెల్టీ అనే ఆయన అల్యూమినియం చట్రంతో, నడుముకు బిగించే పట్టీతో సంచులు చేసి అమ్మడం మొదలుపెట్టాడు. నడుము పట్టీ చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ అసలు కిటుకు అక్కడే ఉంది. భుజాల దగ్గర ఉన్నవి కండరాలు, నరాలు. తుంటి దగ్గర ఉన్నది గట్టి ఎముక, దాని కింద మన శరీరంలోకెల్లా బలమైన కాళ్ళు. బరువులో ఎక్కువ భాగం తుంటి మీద కూర్చుని, భుజం పట్టీలు సంచి వెనక్కి వాలకుండా పట్టుకుంటే చాలు.

అందుకే సంచి కొనేటప్పుడు మనిషి ఎత్తు కాదు, వీపు పొడవు చూడాలి. తల ముందుకు వంచితే మెడ కింద ఒక వెన్నుపూస పొడుచుకు వస్తుంది. అక్కడి నుంచి, రెండు చేతులూ నడుము మీద వేస్తే బొటనవేళ్ళు ఆనే తుంటి ఎముక పై అంచు మట్టం వరకూ దారంతో కొలవండి. పొడుగ్గా ఉన్నవాడి వీపు పొట్టిగా ఉండవచ్చు, పొట్టివాడికి పొడుగు వీపు ఉండవచ్చు. చెల్లెళ్ళు ఇది మరీ జాగ్రత్తగా చూసుకోవాలి. మగవాళ్ళ కొలతకు కుట్టిన సంచి తగిలించుకుంటే నడుము పట్టీ తుంటి కిందకు జారి, బరువంతా మళ్ళీ భుజాలకే వస్తుంది. వీపు పొడవు పెంచుకునే, తగ్గించుకునే వీలున్న సంచి దొరికితే హాస్టల్లో నలుగురు వాడుకోవచ్చు.

ఇప్పుడు గాలి సంగతి. మన ప్రాంతంలో దీన్ని తక్కువ అంచనా వెయ్యకూడదు. చెమట ఆవిరయితేనే ఒళ్ళు చల్లబడుతుంది. వీపుకు సంచి అతుక్కుపోయి ఉంటే చెమట కారుతుంది తప్ప ఆవిరి కాదు. చొక్కా తడిసి, ఉప్పు పేరుకుని, పట్టీ రాసుకున్న చోట చర్మం లేచిపోతుంది. పైగా తాగిన నీళ్ళన్నీ అలా వృథాగా పోతే ఇంకా నీళ్ళు మోయాలి, అంటే ఇంకా బరువు.

సంచి వీపు భాగాలు మూడు రకాలు. ఒకటి, చదునైన స్పాంజి. కాలేజీ బ్యాగులన్నీ ఇవే. రెండోది, ఉబ్బెత్తుగా రెండు మూడు దిండ్ల లాంటి గట్టి స్పాంజి, మధ్యలో గాలికి కాలువ. మూడోది, వంచిన చట్రానికి జాలీ గుడ్డ బిగించి కట్టినది. మన వీపు జాలీకి ఆనుతుంది, సంచి దాని వెనక వేళ్ళు దూరేంత ఎడంగా ఉంటుంది. నులక మంచం గుర్తు తెచ్చుకోండి. పరుపు మీద పడుకుంటే ఒళ్ళంతా చెమట, నులక మంచం మీద పడుకుంటే కింద నుంచి గాలి. అదే సూత్రం. ఈ జాలీ వీపును జర్మనీకి చెందిన డాయిటర్ కంపెనీ 1984లో తెచ్చింది, ఇప్పుడు చాలా కంపెనీలు చేస్తున్నాయి.

అయితే చిక్కు ఉంది. చట్రం వల్ల సంచి బరువు పెరుగుతుంది, వంపు వల్ల లోపల చోటు తగ్గుతుంది, సామాను వీపుకు దూరంగా జరిగి మనిషిని వెనక్కి లాగుతుంది. అంటే తేలికదనమూ, గాలీ రెండూ ఒకే సంచిలో నిండుగా దొరకవు. ఎంత ఇస్తే ఎంత వస్తుందో చూసుకోవాలి. మా అభిప్రాయం ఇదీ: నల్లమల, అనంతగిరి, పాపికొండల లాంటి చోట్ల 10 కిలోల లోపు బరువుతో నడిచేవాళ్ళకు జాలీ వీపు మంచిది (అడవిలోకి అటవీశాఖ అనుమతితోనే వెళ్ళండి). హిమాలయాలకు 12, 14 కిలోలతో వెళ్ళేవాళ్ళకు రెండో రకమే మేలు. అక్కడ చలిగాలి వీపుకు తగలనక్కరలేదు, బరువు వీపుకు దగ్గరగా ఉంటే రాళ్ళ మీద అడుగు తూలదు. ఒకటే సంచి కొనగలం అనేవాళ్ళు రెండో రకమే కొనండి.

దిల్‌సుఖ్‌నగర్ నుంచి చైతన్యపురి, కొత్తపేట మీదుగా ఎల్‌.బి.నగర్ దాకా మెయిన్ రోడ్డు మీద సంచులకు కొదవ లేదు. కోచింగ్ సెంటర్ల పిల్లల కోసం పెట్టిన షాపులు కాబట్టి ఎక్కువగా లాప్‌టాప్ బ్యాగులే ఉంటాయి. "ట్రెక్కింగుకు పనికొస్తదా అన్నా?" అంటే, "మస్తు గాలాడ్తది తమ్మీ, తీస్కో" అంటారు. ఆయన వ్యాపారం ఆయనది. మనం మాత్రం వీపు మీద అంటించిన పల్చటి జాలీ గుడ్డను చూసి గాలి సంచి అనుకోకూడదు. చెయ్యి పెట్టి చూడండి. వీపుకూ సంచికీ మధ్య వేళ్ళు దూరకపోతే ఆ జాలీ అలంకారమే. నడుము పట్టీ సన్నటి తాడులా ఉంటే అది బరువు మోయదు, మెత్తటి దిండుతో అరచేతి వెడల్పు ఉండాలి. భుజం పట్టీ సంచితో కలిసే చోట అడ్డంగా దట్టమైన కుట్లు ఉన్నాయా చూడండి, తెగేది అక్కడే. జిప్పును నాలుగుసార్లు లాగండి.

గుడ్డ మీద 210 డి, 420 డి, 600 డి అని రాసి ఉంటుంది. డి అంటే డెనియర్. 9,000 మీటర్ల దారం ఎన్ని గ్రాములుంటే అన్ని డెనియర్లు. అంకె పెరిగితే మందం, బరువు రెండూ పెరుగుతాయి. 600 డి పాలిస్టర్ చవక, కానీ బరువు. పైన 210 నైలాను, అడుగున 420 ఉన్న సంచి దొరికితే వదలవద్దు. బరువు ఎంతో షాపులో చెప్పకపోతే, పాత పేపర్లు కొనేవాళ్ళ దగ్గర ఉండే కొక్కెం త్రాసు లాంటిది ఒకటి జేబులో వేసుకుని వెళ్ళండి. నవ్వితే నవ్వనివ్వండి.

ఖాళీ సంచి ఎవరికైనా బాగానే ఉంటుంది. రెండు లీటర్ల నీళ్ళ సీసాలు నాలుగు పట్టుకెళ్ళి అందులో పెట్టి తగిలించుకోండి, 8 కిలోలయింది. ముందు నడుము పట్టీ బిగించి, తర్వాత భుజం పట్టీలు, చివర ఛాతీ పట్టీ. ఇప్పుడు భుజం పట్టీ కింద వేలు సులువుగా దూరితే సంచి మీదే. షాపులో పది నిమిషాలు తిరగండి. కొన్నాక అదే బరువుతో దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషన్ నుంచి ఎల్‌.బి.నగర్ స్టేషన్ దాకా సుమారు నాలుగు కిలోమీటర్లు నడవండి, దారిలో చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్ స్టేషన్లు వస్తాయి. ప్రతి స్టేషన్ దగ్గర లిఫ్టు వైపు చూడకుండా మెట్లెక్కి దిగండి. ఎండాకాలం సాయంత్రం ఈ పని చేస్తే సంచి గుణం దాచుకోలేదు.

కొనలేని వాళ్ళ సంగతి? మనలో ఎక్కువ మంది అదే. కొన్ని క్యాంపుల్లో సంచి వాళ్ళే ఇస్తారు, ముందు అడిగి తెలుసుకోండి. ఎన్‌.సి.సి.లో పిట్టూ ఇస్తే దాని వీపు చదునుగా ఉంటుందని వదిలెయ్యవద్దు. చెప్పుల అడుగులకు వాడే స్పాంజి షీటు రెండంగుళాల వెడల్పున రెండు పట్టీలు కోసి, వెన్నెముకకు అటూ ఇటూ వచ్చేలా సంచి వీపుకు కుట్టిస్తే మధ్యలో గాలి కాలువ ఏర్పడుతుంది. బ్యాగులు బాగుచేసేవాళ్ళు గంటలో చేసిస్తారు, నడుము పట్టీ కూడా వాళ్ళే వేస్తారు. వానకు వేరే కవరు కొననక్కరలేదు, లోపల పెద్ద పాలిథిన్ కవరు పరిచి సామాను అందులో సర్దితే పైనుంచి వేసే కవరు కంటే నమ్మకం. బరువైనవి వీపుకు దగ్గరగా, నడిమధ్యన పెట్టండి. స్లీపింగ్ బ్యాగు అడుగున.

మా మాట ఒకటి వార్డెన్ సార్‌కూ, సహృదయులైన పూర్వ విద్యార్థులకూ. తలా ఒక సంచి కొనే బదులు, వీపు పొడవు మార్చుకోగల మంచి సంచులు నాలుగు హాస్టల్ పేరు మీద కొని, లైబ్రరీ పుస్తకాల్లాగా రిజిస్టరులో సంతకం పెట్టించి ఇస్తే ఏటా ఎంతోమంది వెళ్ళి రావచ్చు. తీసుకున్నవాడు తిరిగి ఇచ్చేముందు సబ్బు నీళ్ళతో చేత్తో తుడిచి, ఉప్పు పోయేలా కడిగి, నీడన ఆరబెట్టాలి. ట్రంకు పెట్టెలో తడిగా కుక్కితే లోపలి పూత జిగటగా మారి పొరలు పొరలుగా ఊడుతుంది. మేడ మీద దండెం ఖాళీగానే ఉంటుంది, అక్కడ తలకిందులుగా వేలాడదీస్తే చాలు.