మూడు కాళ్ల ప్లగ్గు ఓడెక్కితే

2022 జూన్‌లో ‘ఎంప్రెస్’ అనే క్రూయిజ్ ఓడ విశాఖ రేవుకు వచ్చి, జనాన్ని సముద్రం మీద తిప్పి తెచ్చింది. మరుసటి ఏడాది రేవులో క్రూయిజ్ టెర్మినల్ కూడా తెరుచుకుంది. అప్పట్నుంచి ఓడ ప్రయాణమంటే మన ఇళ్లలో కూడా లెక్కలు మొదలయ్యాయి: ఏం బట్టలు, ఏం మందులు, ఆవకాయ రానిస్తారా లేదా. గోడకున్న కరెంటు కన్నాల సంగతి మాత్రం ఎవరికీ గుర్తురాదు. తీరా కేబిన్లోకి వెళ్లాక చూస్తే, చాలా ఓడల్లో కనబడేవి రెండే రకాలు. ఒకటి అమెరికా వాళ్ల బల్లపరుపు చీలికలు, రెండోది యూరప్ వాళ్ల గుండ్రటి కన్నాలు. మన త్రీపిన్ ప్లగ్గు ఆ రెంటికీ చెడ్డ రేవడే.

ఇన్ని ఆకారాలు ఎందుకొచ్చాయంటే, మొదట్లో అసలు ప్లగ్గే లేదు కాబట్టి. 1880లో ఎడిసన్ దీపాలు ‘కొలంబియా’ అనే ఓడలో వెలిగాయి. అప్పట్లో కరెంటంటే దీపమే. ఇళ్లలోనూ అంతే, గోడకు సాకెట్ ఉండేది కాదు. తర్వాత ఫ్యాన్లు, ఇస్త్రీ పెట్టెలు వచ్చినప్పుడు, బల్బు తీసేసి ఆ హోల్డర్లోనే వైరు బిగించుకునేవారు. మన ఊళ్లలో బల్బు హోల్డర్ నుంచి వైరు లాగి టేప్‌రికార్డర్ వాయించిన తరం ఇంకా ఉంది. వాళ్లకిది వింతేం కాదు.

1904లో కనెటికట్‌కు చెందిన హార్వే హబ్బెల్ ఒక ఉపాయం పేటెంట్ చేయించాడు. హోల్డర్లో ఒక ముక్క మర బిగించి అలాగే ఉంచేయాలి. రెండో ముక్కను పిన్నులతో దానికి గుచ్చాలి, అక్కర్లేనప్పుడు లాగేయాలి. అమెరికా ప్లగ్గుకు మూలం అదే. జర్మనీలో 1920లలో ఆల్బర్ట్ బ్యూట్నర్ పక్కన ఎర్త్ రేకులున్న ప్లగ్గు చేశాడు, ‘షూకో’ అని దాని పేరు. బ్రిటన్ గుండ్రటి మూడు పిన్నుల్ని 1934లో ప్రమాణంగా రాసుకుంది. ఎవరి దేశంలో వాళ్లు గోడలు తవ్వి సాకెట్లు పెట్టేసుకున్నాక, ఇక మార్చడం ఎవరి తరమూ కాలేదు.

బ్రిటన్ మాత్రం మార్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో కూలిన ఇళ్లను మళ్లీ కట్టాలి, రాగి చూస్తే కరువు. తక్కువ తీగతో ఎక్కువ సాకెట్లు పెట్టేందుకు ఇల్లంతా ఒకే చుట్టుగా వైరింగ్ చేసి, ప్లగ్గు లోపలే ఫ్యూజు పెట్టారు. దీర్ఘచతురస్రపు పిన్నుల ఆ కొత్త ప్లగ్గు ప్రమాణం వచ్చింది 1947లో. మనకు స్వాతంత్ర్యం వచ్చిన ఏడే. వాళ్లు అటు మారిపోయారు, వాళ్లు వదిలేసిన గుండ్రటి పిన్నుల్ని మనం ఇవాళ్టికీ వాడుతున్నాం. చిన్నది ఫోనుకూ ఫ్యానుకూ, పెద్దది గీజరుకు. ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు, మంచి ప్లగ్గే. పైనున్న లావుపాటి ఎర్త్ పిన్ను మిగతా రెంటికన్నా పొడుగు, అందుకే అది ముందు తగిలి రక్షణ ఇస్తుంది. చాలా సాకెట్లలో కింది కన్నాల మూతలు తెరిచేదీ అదే. టూపిన్ చార్జర్ దూరడం లేదని పై కన్నంలో పెన్నో స్క్రూడ్రైవరో గుచ్చేవాళ్లు ఆ మూత పిల్లల వేళ్ల కోసమని మరిచిపోతారు.

లోకమంతటికీ ఒకటే ప్లగ్గంటూ 1986లో అంతర్జాతీయ ప్రమాణం ఒకటి వచ్చింది. బ్రెజిల్, దక్షిణాఫ్రికా తప్ప దాన్ని పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు.

ఇక ఓడ. అది కదిలే ఊరు, కరెంటు దానికదే పుట్టించుకుంటుంది. పెద్ద ఓడల్లో డీజిల్ జనరేటర్లు వేల వోల్టుల్లో ఇచ్చిన దాన్ని ట్రాన్స్‌ఫార్మర్లు తగ్గించి కేబిన్‌కు పంపుతాయి. ఎక్కువ ఓడల్లో ఇది 60 హెర్ట్జ్. మన 50 హెర్ట్జ్ కరెంటు లెక్కన నడిచే మోటారు గడియారాన్ని అక్కడ పెడితే గంటకు పన్నెండు నిమిషాలు ముందుకు పరుగెడుతుంది. ఫోను చార్జరుకు మాత్రం ఈ గొడవ లేదు. వచ్చిన కరెంటును ముందు డీసీగా మార్చుకుని, తర్వాత తనకు కావలసినట్టు ముక్కలు చేసుకుంటుంది. దాని వీపు మీద ‘100–240 వోల్టులు, 50/60 హెర్ట్జ్’ అని ఉంటే, ఆకారం కలిస్తే చాలు. హెయిర్ డ్రయ్యర్ అలా కాదు. 230 వోల్టుల కోసం చేసిన వెయ్యి వాట్ల డ్రయ్యర్ 115 వోల్టుల సాకెట్లో 250 వాట్లే ఇస్తుంది, తల ఆరదు. అమెరికా నుంచి తెచ్చిన డ్రయ్యర్‌ను 230లో పెడితే నాలుగింతలు లాగి కాలిపోతుంది. అడాప్టర్ ఆకారాన్నే మారుస్తుంది, వోల్టేజీని కాదు.

అసలు తేడా ఇంకొకటుంది. మన వీధి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర న్యూట్రల్‌ను భూమికి కలుపుతారు. అందుకే సాకెట్లో ఒక కన్నంలోనే టెస్టర్ వెలుగుతుంది. చాలా ఓడల్లో ఏ తీగనూ ఓడ ఇనుప దేహానికి కలపరు, రెండు కన్నాల్లోనూ కరెంటు ఉన్నట్టే లెక్క. ఇది కావాలని చేసిన ఏర్పాటు. ఎక్కడో ఒక తీగ ఒరుసుకుని ఇనుముకు తగిలితే ఇంట్లోలా ఫ్యూజు ఎగిరి కరెంటు పోకూడదు. నడిసముద్రంలో చుక్కాని ఆగితే ఎలా? అందుకని హెచ్చరిక దీపం వెలుగుతుంది, ఎలక్ట్రీషియన్ వెతుక్కుంటాడు, ఓడ సాగిపోతుంది.

ఈలోగా, ఇంట్లో టీవీకి పెట్టుకునే స్పైక్ బస్టర్ ఒకటి ఏ కేబిన్లోనో ఉందనుకోండి. దాని లోపల తీగలకూ ఎర్త్‌కూ మధ్య చిన్న బిళ్లలుంటాయి, వోల్టేజీ మితిమీరితే ఎర్త్‌లోకి వదిలేయడం వాటి పని. ఒక తీగ ఇనుముకు తగిలినప్పుడు రెండో తీగ వోల్టేజీ ఎర్త్‌తో పోలిస్తే పెరుగుతుంది, బిళ్ల వేడెక్కుతుంది. వేడెక్కితే తెంచేసే మీట ఉంటుంది కానీ, అది తెంచేది ఒక తీగనే. రెండోదానిలో కరెంటు అలాగే ఉంటుంది. ఇలా నిప్పంటుకున్నాకే అమెరికా కోస్ట్ గార్డ్ 2013లో ఓడలకు హెచ్చరిక జారీ చేసింది. ఇంట్లో కాపాడే వస్తువు అక్కడ అగ్గిపెట్టె అయింది. క్రూయిజ్ కంపెనీలు స్పైక్ బస్టర్లను ఎక్కనివ్వకపోవడానికి కారణం ఇదే. కొన్ని కంపెనీలు మామూలు ఎక్స్‌టెన్షన్ బాక్సుల్ని కూడా తీసిపెట్టేస్తున్నాయి.

మరి ఏం పట్టుకెళ్లాలి? మన టూపిన్ చార్జర్లలో చాలావాటికి 4 మిల్లీమీటర్ల సన్నపు పిన్నులే, అవి యూరప్ సాకెట్లో సుఖంగా దూరతాయి. ఇంటి సాకెట్లో వదులుగా ఊగుతూ చిటపటలాడే చార్జర్ అక్కడ బిగుతుగా కూర్చుంటుంది కూడా. 5 మిల్లీమీటర్ల లావు పిన్నులుంటే మాత్రం దూరకపోవచ్చు. ల్యాప్‌టాప్ త్రీపిన్‌కు, అమెరికా సాకెట్లకు చెరొక సాదా అడాప్టర్ చాలు. సర్జ్ రక్షణ ఉందని డబ్బా మీద గొప్పగా రాసినవి వద్దు. బాత్రూమ్‌లో షేవర్ గుర్తున్న సాకెట్ కనిపిస్తే దాన్ని షేవర్‌కే వదిలేయండి, దాని వెనకున్న బుల్లి ట్రాన్స్‌ఫార్మర్ అంతకు మించి మోయలేదు. ఫోన్లు నాలుగైదుంటే, నాలుగు యూఎస్‌బీ కన్నాలున్న చార్జర్ ఒకటి కొనుక్కోండి.

టికెట్ తీసుకున్నాక మీ కంపెనీ నిషేధాల జాబితా ఒకసారి చదవండి. ఇస్త్రీ పెట్టె, కెటిల్ సామాన్లోంచి ముందే తీసేయండి.