దస్త్రం మీద ఎవరి చెయ్యి పడింది?

అమ్మలూ, ఫోన్లో భూమి లెక్కలు చూపించే మీభూమి తెరిచి, నూజెండ్ల పొలం 1బి, అంటే హక్కుల రికార్డు, చూశాక నువ్వు మంచి ప్రశ్న వేశావు. "తాతయ్యా, సర్వే నంబరు తెలిస్తే చాలు ఎవరైనా చూడొచ్చంటున్నావు. మరి ఎవరైనా మార్చేయొచ్చు కూడానా?" అన్నావు. మార్చలేరమ్మా. చూడటం వేరు, రాయటం వేరు, రాసినదాన్ని ఖాయం చెయ్యటం వేరు. ఈ మూడింటినీ విడివిడిగా ఉంచడానికి కంప్యూటరు శాస్త్రంలో పెద్ద విద్యే ఉంది. ఈ పూట దాని సంగతి చెప్పుకుందాం.

ముందు పాత కాలం సంగతి కొంచెం వినాలి. 1984 దాకా ఊరి లెక్కలన్నీ కరణం గారి దగ్గరే ఉండేవి. గుడ్డలో కట్టిన దస్తరం, అందులో అడంగల్, శిస్తు లెక్కలు. ఏ సర్వే నంబర్లో ఎన్ని ఎకరాల ఎన్ని సెంట్లు, పట్టా ఎవరిది, అనుభవంలో ఎవరున్నారు, ఏ పైరు వేశారు, అన్నీ ఆయన చేతి రాతే. రాసేది ఆయనే, దాచేది ఆయనే, అడిగినవాళ్ళకి చూపించేదీ ఆయనే. ఏడాదికోసారి పై అధికారులు జమాబందీ చేసి లెక్కలు తనిఖీ చేసేవాళ్ళు. నిజాయితీగా రాసిన కరణాలు ఎందరో ఉన్నారు. అయినా ఊరంతటి ఆస్తి ఒక్క మనిషి నిజాయితీ మీద ఆధారపడి ఉండటం మంచి ఏర్పాటు కాదు. 1984 జనవరిలో ఎన్టీ రామారావు గారి ప్రభుత్వం కరణం, మునసబు ఉద్యోగాలు రద్దు చేసింది. దస్తరాలు ఆఫీసులకు చేరాయి. 1998 నవంబరు 4న రిజిస్ట్రేషన్ ఆఫీసుల్లోకి 'కార్డ్' పేరుతో కంప్యూటర్లు వచ్చాయి. ఆ తర్వాత భూమి లెక్కలు వెబ్‌ల్యాండ్ అనే రెవెన్యూ కంప్యూటరు వ్యవస్థలోకి ఎక్కాయి. 2015లో వాటిని జనం చూసుకోవడానికి మీభూమి వచ్చింది.

కంప్యూటర్లోకి ఎక్కిన దస్త్రంలో రెండు భాగాలుంటాయి. ఒకటి అసలు విషయం. రెండోది ఆ విషయం గురించిన వివరం: ఏ జిల్లా, ఏ మండలం, ఏ గ్రామం, ఏ ఖాతా, ఎప్పుడు ఎక్కించారు, ఎవరు ఎక్కించారు. ఈ రెండోదాన్ని మెటాడేటా అంటారు. దీని విలువ మన నూజెండ్ల వాళ్ళకి బాగా తెలియాలి. 2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లా ఏర్పడింది. అంతకుముందు రోజు దాకా మనది గుంటూరు జిల్లా. పొలం గట్టు అంగుళం కదల్లేదు, సర్వే నంబరు మారలేదు, పట్టాదారు మారలేదు. దస్త్రంలో జిల్లా అనే గడిలో మాత్రం పేరు మారింది. ఆ గడి సరిగా లేకపోతే లోపల ఎంత శుద్ధమైన లెక్క ఉన్నా వెతికేవాడికి దొరకదు. దొరకని దస్త్రం ఉన్నా లేనట్టే లెక్క.

ఇప్పుడు తలుపు దగ్గరికి వద్దాం. కంప్యూటరు మనల్ని రెండు ప్రశ్నలు అడుగుతుంది. మొదటిది, నువ్వెవరు? రెండోది, నీకేం చేసే హక్కుంది? చాలామంది ఈ రెండూ ఒకటే అనుకుంటారు. ఇంటికి చుట్టం వస్తే మనవాడేనని గుర్తుపట్టి లోపలికి పిలుస్తాం, మంచం వాల్చి మజ్జిగ ఇస్తాం. అంతమాత్రాన ఇనప్పెట్టె తాళం చేతికివ్వం. గుర్తుపట్టడం అథెంటికేషన్, తాళం ఇవ్వడం ఆథరైజేషన్. ఆఫీసుల్లో లాగిన్ అయ్యారంటే మొదటిది అయిందన్నమాట. ఆ తర్వాత నొక్కే ప్రతి బటన్‌కీ రెండో ప్రశ్న ఉంటుంది.

నువ్వెవరు అన్నదానికి పాస్‌వర్డ్ అడిగే పద్ధతి 1961లో అమెరికాలో ఎంఐటీలో మొదలైంది. ఒకే పెద్ద యంత్రాన్ని చాలామంది పంచుకుని వాడేవాళ్ళు. ఒకరి ఫైళ్ళు ఇంకొకరు చూడకుండా ఫెర్నాండో కార్బటో బృందం ఒక్కొక్కరికీ ఒక రహస్య పదం ఇచ్చింది. మరుసటి ఏడాదే అలన్ షెర్ అనే పరిశోధక విద్యార్థి తనకిచ్చిన యంత్ర సమయం చాలక, పాస్‌వర్డులున్న ఫైలును అచ్చు వెయ్యమని ఒక పంచ్‌కార్డు పెట్టాడు. యంత్రం బుద్ధిగా అందరి పాస్‌వర్డులూ అచ్చు వేసి ఇచ్చేసింది! అడిగినవాడెవరో దానికి తెలుసు, ఆ ఫైలు అడిగే హక్కు అతనికి ఉందా అని మాత్రం చూడలేదు. రెండో ప్రశ్న వెయ్యకపోతే ఏమవుతుందో పాస్‌వర్డు పుట్టిన ఏడాదికే తేలిపోయింది. పైగా పాస్‌వర్డులు ఉన్నవి ఉన్నట్టే రాసి ఉన్నాయి. ఇప్పుడు పద్ధతిగా కట్టిన ఏ వ్యవస్థలోనూ పాస్‌వర్డును ఉన్నదున్నట్టు దాచరు. దాన్ని గణిత సూత్రంలోంచి పంపి, వెనక్కి తిప్పలేని ఒక ముద్రగా మార్చి ఆ ముద్రనే దాస్తారు. ఆ ముద్ర సంగతి మళ్ళీ అవసరమొస్తుంది, గుర్తుపెట్టుకో.

హక్కులు ఎలా పంచాలి? ఆఫీసులో ఉన్న ఒక్కొక్క మనిషికీ ఒక్కొక్క హక్కు రాసుకుంటూ పోతే బదిలీలు మొదలయ్యేసరికి అంతా చిక్కుపడిపోతుంది. 1992లో డేవిడ్ ఫెరాయోలో, రిచర్డ్ కున్ అనే ఇద్దరు అమెరికా శాస్త్రవేత్తలు ఒక పద్ధతిని చక్కగా సూత్రీకరించారు. హక్కు మనిషికి ఇవ్వొద్దు, కుర్చీకి ఇవ్వండి, మనిషిని కుర్చీలో కూర్చోబెట్టండి అన్నారు. దాన్నే రోల్ అంటున్నాం. వీఆర్వో (గ్రామ రెవెన్యూ అధికారి) రోల్, ఆర్‌ఐ (రెవెన్యూ ఇన్‌స్పెక్టర్) రోల్, తహసీల్దారు రోల్. నూజెండ్ల తహసీల్దారుకి నూజెండ్ల మండలం దస్త్రాలే తెరుచుకోవాలి, పక్కనున్న వినుకొండవి తెరుచుకోకూడదు. ఆయన బదిలీ అయిన రోజున ఈ కుర్చీలోంచి తీసి ఆ కుర్చీలో కూర్చోబెడితే సరి, హక్కులు వాటంతటవే మారతాయి. ప్రమాదమంతా తీయడం మర్చిపోవడంలో ఉంది. మనిషి వెళ్ళిపోయినా లాగిన్ బతికే ఉంటే అది యజమాని లేని తాళంచెవి. కొత్తవాళ్ళకి లాగిన్ ఇవ్వడంలో ఉన్న తొందర పాతవాళ్ళది ఆపడంలోనూ ఉండాలని నా గట్టి అభిప్రాయం.

ఇంకో సూత్రం ఉంది. ఎవరి పనికి ఎంత హక్కు కావాలో అంతే ఇవ్వాలి, ఒక్క వీసం ఎక్కువ ఇవ్వకూడదు. 1975లో సాల్ట్జర్, ష్రోడర్ అనే ఇద్దరు పండితులు రాసిన వ్యాసంలో ఇది స్పష్టంగా ఉంది. మీభూమిలో నీకున్నది చూసే హక్కు ఒక్కటే. నువ్వు ఎన్ని బటన్లు నొక్కినా సెంటు కూడా మారదు.

మరి మార్పు ఎలా జరుగుతుంది? పొలం కొన్నామనుకో. రికార్డులో పేరు మన పేరుకి మారాలి, దాన్నే మ్యుటేషన్ అంటారు. మ్యుటేషన్‌కి అర్జీ పెట్టుకుంటాం. గ్రామ సచివాలయంలో ఆ అర్జీని కంప్యూటర్లోకి ఎక్కించగానే దానికొక నంబరు పుడుతుంది. వీఆర్వో విచారణ చేస్తారు, అభ్యంతరాలుంటే చెప్పమని నోటీసు ఇస్తారు, ఆర్‌ఐ చూస్తారు, తహసీల్దారు ఆమోదిస్తారు. ఆమోదించే అధికారి తనంతట తాను అర్జీ పుట్టించి, తానే విచారణ రాసి, తానే ఖాయం చెయ్యకూడదు. రాసేవాడు ఒకడు, సరిచూసేవాడు ఇంకొకడు. బ్యాంకుల్లో కూడా ఇదే, ఒకరు ఎంట్రీ వేస్తే ఇంకొకరు పాస్ చేస్తారు. కరణం గారి దస్తరానికీ ఇప్పటి దస్త్రానికీ అసలు తేడా నాకు ఇక్కడే కనిపిస్తుంది. కాగితం పోయి తెర వచ్చినందుకు నాకేం పెద్ద సంతోషం లేదు. ఒక చెయ్యి ఉన్నచోట మూడు చేతులు వచ్చినందుకు ఉంది.

తహసీల్దారు ఆమోదానికి వాడేది డిజిటల్ సంతకం. వేలెడంత డాంగిల్, కంప్యూటరుకి గుచ్చుతారు, పిన్ కొడతారు. అది సంతకం చేసిన కాగితాన్ని ఫోటో తీసినట్టు ఉంటుందని చాలామంది అనుకుంటారు. అసలు సంగతి వేరే. ఇందాక ముద్ర అన్నాను కదా, ఇక్కడా అదే. పత్రంలోని ప్రతి అక్షరాన్నీ, ప్రతి అంకెనీ షా-256 లాంటి గణిత సూత్రంలోంచి పంపిస్తే 64 అక్షరాల వరస ఒకటి వస్తుంది. పత్రం ఒక పేజీ ఉన్నా వెయ్యి పేజీలున్నా వరస పొడవు అంతే. ఇప్పుడు విస్తీర్ణం 2.35 అని ఉన్నచోట 2.36 చేశావనుకో. ఒక్క సెంటు! వరస మొత్తం మారిపోతుంది. పాతదీ కొత్తదీ పక్కపక్కన పెడితే ఒకే పత్రానివని ఎవరూ పోల్చలేరు. ఆ వరసని డాంగిల్లో ఉన్న ఒక రహస్య సంఖ్యతో ముడివేస్తే సంతకం తయారవుతుంది. ఆ రహస్య సంఖ్య డాంగిల్ దాటి బయటికి రాదు, లెక్కంతా లోపలే జరిగి సంతకం మాత్రం బయటికొస్తుంది. దానికి జంటగా ఇంకో సంఖ్య అందరికీ తెలిసేలా ఉంటుంది. దాంతో ఎవరైనా సరిచూసుకోవచ్చు: ఈ పత్రం మీద సంతకం ఈ డాంగిల్‌దేనా, సంతకం తర్వాత ఒక్క అంకైనా మారిందా అని. 2000 అక్టోబరు 17 నుంచి అమల్లో ఉన్న ఐటీ చట్టం ఇలాంటి సంతకానికి చేతి సంతకంతో సమానమైన విలువ ఇచ్చింది.

అమ్మలూ, ఇక్కడ కాస్త ఆగి విను. ఆ గణితాన్ని పగలగొట్టడం ఎవరి తరమూ కాదు. కానీ గణితానికి తెలిసింది డాంగిలూ పిన్నూ మాత్రమే. వాటిని పట్టుకున్న మనిషి ఎవరో దానికి తెలియదు. పని ఒత్తిడి ఎక్కువై ఒక అధికారి డాంగిల్‌ని ఆపరేటర్ చేతికిచ్చి, పిన్ చీటీ మీద రాసి పెట్టాడనుకో. మూడు చేతులు మళ్ళీ ఒక్క చెయ్యి అయిపోతాయి. రోల్స్, హక్కులు, ముద్రలు అన్నీ పైకి పద్ధతిగా ఉన్నట్టే ఉంటాయి, లోపల మాత్రం ఆపరేటరే రాసి ఆపరేటరే ఖాయం చేస్తుంటాడు. చట్టం దృష్టిలో అది అధికారి సంతకమే, నేను చెయ్యలేదని ఊరికే అంటే చాలదు. రైతు పొలం ఆ చీటీ మీద ఆధారపడి ఉందని తెలిస్తే ఏ అధికారీ ఆ పని చెయ్యడు. ఇది బద్ధకంతో, నమ్మకంతో జరిగే తప్పు. వేలిముద్ర కూడా అడిగే పద్ధతులు అందుకే వచ్చాయి. వేలిని ఎవరూ అరువివ్వలేరు కదా.

ఆఫీసు ఫైళ్ళకి ఈ-ఆఫీస్ అని ఇంకోటి ఉంది, కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్‌ఐసీ తయారుచేసింది. అందులో నాకు బాగా నచ్చిన ఏర్పాటు నోటు రంగు. గుమాస్తా చిత్తుగా రాసుకునేది పసుపు నోటు. దాన్ని దిద్దొచ్చు, కొట్టేయొచ్చు. ఖాయం చేసి పైకి పంపాక అది పచ్చ నోటు అవుతుంది. ఇక దాన్ని ఎవరూ దిద్దలేరు. అభిప్రాయం మార్చుకుంటే కింద కొత్త నోటు రాయాలి, పాతది అలాగే ఉంటుంది. పాత కాగితం ఫైల్లో ఒక పేజీ మాయం చేసి ఇంకో పేజీ కుట్టడానికి అవకాశం ఉండేది, ఇక్కడ ఆ దారి మూసేశారు. ఒక్కో మార్పుకీ ఒక్కో వెర్షన్ మిగులుతుంది.

దీనికి తోడు లాగ్. ఏ లాగిన్‌తో, ఏ తేదీన, ఎన్ని గంటలకి, ఏ దస్త్రం తెరిచారు, ఏం మార్చారు అని యంత్రం తనంతట తాను రాసుకునే చిట్టా. జమాబందీ ఏడాదికోసారి జరిగేది, ఇది క్షణక్షణం జరుగుతుంది. ఒక్క షరతు: ఆ చిట్టాని చెరిపే హక్కు దస్త్రాలు మార్చే ఎవరికీ ఉండకూడదు. ఇంకో మాట, చిట్టా రాయడంతో పని అయిపోదు, దాన్ని కూర్చుని చదివే మనిషి ఉండాలి. అర్ధరాత్రి పూట ఆమోదాలు పడుతుంటే, ఒకే గంటలో వందల మార్పులు జరిగితే ఎవరో ఒకరు అడగాలి.

ఇక బ్యాకప్, అంటే దస్త్రానికి నకలు తీసి దాచడం. దాని సంగతి 2024 జులై 21 రాత్రి మదనపల్లె సబ్ కలెక్టర్ ఆఫీసులో మంటలు లేచినప్పుడు రాష్ట్రమంతా చర్చకి వచ్చింది. కాలిపోయినవాటిలో భూముల ఫైళ్ళున్నాయి. ఒకే చోట ఒకే ప్రతి ఉన్న కాగితానికి నిప్పైనా, చెదలైనా, వరదైనా చాలు. కంప్యూటరు దస్త్రానికి నకళ్ళు దూరంగా వేరే ఊళ్ళో ఉండాలి, అప్పుడప్పుడు వాటిని తెరిచి నిజంగా చదవగలుగుతున్నామా అని చూడాలి. తెరిచి చూడని బ్యాకప్‌ని నేను నమ్మను.

అన్నీ ఎప్పటికీ దాచాలా అంటే అక్కర్లేదు. మద్రాసు ప్రెసిడెన్సీ నాటి టాటెన్‌హామ్ పద్ధతి మన రెవెన్యూ ఆఫీసుల్లో చాలాకాలం నడిచింది. ఫైలు ముగియగానే శాశ్వతంగా ఉంచేదా, పదేళ్ళుంచేదా, ఏడాదిలో తీసేసేదా అని దాని మీదే గుర్తు వేసేవాళ్ళు. కంప్యూటరు దస్త్రాలకీ అదే నియమం కావాలి.

చివరగా, తప్పు దిద్దే హక్కు. దీని మీద మన పక్క రాష్ట్రంలో పెద్ద అనుభవమే ఉంది. 2020 అక్టోబరు 29న తెలంగాణలో ధరణి అనే భూముల పోర్టల్ వచ్చింది. రిజిస్ట్రేషనూ మ్యుటేషనూ తహసీల్దారు దగ్గరే ఒకేసారి అయిపోయేవి, అది రైతుకి మంచి వెసులుబాటు. కానీ రికార్డులో పేరో విస్తీర్ణమో తప్పు పడితే దిద్దే అధికారం కింద లేదు, కలెక్టరు దాకా పోవాలి. అర్జీలు గుట్టలు పడ్డాయి. 2025 ఏప్రిల్ 14న దాని స్థానంలో భూభారతి తెచ్చి, దిద్దే అధికారాన్ని కింది స్థాయిలకి పంచి, అప్పీలు దారి పెట్టారు. తాళం గట్టిగా వెయ్యాలనే ఆత్రంలో తప్పు దిద్దేవాడిని కూడా బయటే నిలబెడితే రైతు నలిగిపోతాడు.

మన దగ్గర 1971 నాటి హక్కుల చట్టం ప్రకారం తహసీల్దారు ఆర్డరు నచ్చకపోతే ఆర్డీవోకి (రెవెన్యూ డివిజనల్ అధికారికి) అప్పీలు చేసుకోవచ్చు, ఆ పైన జాయింట్ కలెక్టరు ఉన్నారు. మనకి ఆర్డీవో నరసరావుపేటలోనే. అందుకని పాస్‌బుక్కూ, దస్తావేజూ, 1బి మూడూ పక్కన పెట్టుకుని పేరు అక్షరం అక్షరం, విస్తీర్ణం అంకె అంకె సరిచూడు. దశాంశం చుక్క దగ్గర మరీ జాగ్రత్త, 1.25కీ 12.5కీ మధ్య పదకొండెకరాల పాతిక సెంట్లు ఉన్నాయి. తేడా కనిపిస్తే నోటితో చెప్పి ఊరుకోకుండా సచివాలయంలో అర్జీ పెట్టించు, ఆ అర్జీ నంబరు పాస్‌బుక్కు అట్ట లోపలి వైపు రాసి పెట్టు. అర్జీ ఎవరి లాగిన్‌లో ఆగిందో కనుక్కోవాలన్నా, ఆర్డీవో దగ్గరికి పోవాలన్నా ముందు అడిగేది ఆ నంబరే.