కొన్న ఆట మీదేనా?

మీరు క్యారంబోర్డు కొన్నారనుకోండి. రేపు దుకాణం మూతపడినా మీ ఆట ఆగదు. మరి కంప్యూటరు ఆటల సంగతి?

అమెరికాకు చెందిన వాల్వ్ సంస్థ 2003లో 'స్టీమ్' అనే ఇంటర్నెట్ ఏర్పాటును ప్రారంభించింది. 2004లో 'హాఫ్-లైఫ్ 2' ఆటను డిస్కు రూపంలో కొన్నవారు కూడా స్టీమ్ అనుమతి పొందవలసి వచ్చింది. విడుదలనాడు ఒకేసారి అందరూ అడగడంతో చాలామందికి ఆట తెరుచుకోలేదు.

ఎందుకిలా? ఇటువంటి ఆట, సంస్థవారి సర్వరును "ఈ ఖాతాకు అనుమతి ఉందా?" అని అడుగుతుంది. సర్వరు అంటే దూరాన ఉండి జవాబులు పంపే కంప్యూటరు. కొన్ని ఆటలు ఒక్కసారి అడుగుతాయి; కొన్ని ప్రతిసారీ అడుగుతాయి. తాళం మీ ఇంట్లో, తాళంచెవి వారి చేతిలో అన్నమాట!

ఆ సర్వరు శాశ్వతంగా ఆగిపోతే? 2014లో ఉబిసాఫ్ట్ సంస్థ 'ది క్రూ' అనే కారు పందేల ఆటను విడుదల చేసింది. ఒంటరిగా ఆడాలన్నా దానికి సర్వరు కావాలి. 2024 మార్చి 31న సర్వర్లను ఆపేశారు. కొన్నవారికి డిస్కు మిగిలింది, ఆట మిగలలేదు.

అమ్ముతున్నది వస్తువును కాదు, అనుమతిని మాత్రమే అని కొనేవారికి ముందే చెప్పాలంటూ కాలిఫోర్నియా చేసిన చట్టం 2025లో అమలులోకి వచ్చింది. కొనేముందు మీరూ అడగండి: సర్వరు ఆగితే ఈ ఆట నడుస్తుందా?