పేగుల్లో ఖాళీ జాగా

"మాస్టారూ! యాంటీబయాటిక్ మందు క్రిములను చంపుతుంది కదా. మరి ఆ మందు వాడిన తరువాతే కొందరికి విరేచనాలు పట్టుకుంటాయెందుకు?" అని మా తరగతిలో ఒక విద్యార్థి అడిగాడు. ఒకప్పుడు ఈ ప్రశ్న వైద్యులనే తికమక పెట్టింది.

అమెరికాలోని సెయింట్ లూయీ నగరంలో వైద్యులు క్లిండామైసిన్ అనే యాంటీబయాటిక్ వాడిన 200 మందిని పరిశీలించి, 1974లో ఫలితాలు ప్రకటించారు. నూటికి 21 మందికి విరేచనాలయ్యాయి. నూటికి 10 మందికి పెద్దపేగు లోపలి గోడ వాచి, దానిమీద పొరలు కట్టాయి. ఆ మందే పేగుకు విషమా?

జాన్ బార్ట్‌లెట్ బృందం ఈ చిక్కు విప్పింది. హామ్‌స్టర్ అనే ఎలుకవంటి జంతువులకు క్లిండామైసిన్ ఇస్తే పేగు వాచి చనిపోయేవి. కాని వాంకోమైసిన్ అనే మరో యాంటీబయాటిక్ ఇస్తున్నంత కాలం బతికాయి. ఆలోచించండి! మొదటి మందే విషమైతే, క్రిములను చంపే రెండో మందు దానికి విరుగుడెలా అవుతుంది? అంటే అసలు దోషి ఒక బాక్టీరియా అన్నమాట. 1978 నాటికి అది రోగుల్లోనూ పట్టుబడింది.

దాని పేరు క్లాస్ట్రిడియం డిఫిసిలె. 2016లో క్లాస్ట్రిడియాయిడిస్ డిఫిసిలె అని మార్చారు. దీనిని 1935లోనే హాల్, ఓటూల్ అనే శాస్త్రజ్ఞులు పసిపిల్లల మలంలో కనుగొన్నారు. ప్రయోగశాలలో పెంచడం కష్టమయింది కనుక, లాటిన్‌లో 'కష్టమైనది' అనే అర్థమున్న పేరు పెట్టారు. ఆరోగ్యంగా ఉన్న పిల్లల్లో కనిపించింది గనుక చాలాకాలం దాన్ని ఎవరూ అనుమానించలేదు.

మరి అది మనలను ఎప్పుడు బాధిస్తుంది? వరిచేను చూడండి. పైరు ఒత్తుగా ఉంటే కలుపుకు చోటుండదు. పైరునూ చంపే మందు చల్లారనుకోండి, నేలలో దాగిన తుంగగడ్డలు మొలిచి చేనంతా కమ్ముకుంటాయి. మన పెద్దపేగులో కోటానుకోట్ల బాక్టీరియాలు అలాంటి పైరే. అవి ఆహారాన్నీ చోటునూ ఆక్రమిస్తాయి. పైత్యరసంలోని లవణాలను మార్చి, డిఫిసిలె పెరగకుండా అడ్డుకునే పదార్థాలను తయారుచేస్తాయి. యాంటీబయాటిక్ మందుకు శత్రువెవరో మిత్రుడెవరో తెలియదు. మిత్రులు చస్తే జాగా ఖాళీ అవుతుంది. అప్పుడు డిఫిసిలె పెరిగి, రెండు రకాల విషాలు విడుదలచేసి పేగు గోడను దెబ్బతీస్తుంది.

ఈ బాక్టీరియా గాలి తగిలితే బతకదు. అయినా గట్టి కవచంతో సిద్ధబీజాలుగా మారి నెలల తరబడి మంచాలమీద, నేలమీద ఉండిపోతుంది. చేతులకు రాసుకునే ఆల్కహాలు ద్రవం సిద్ధబీజాలను చంపలేదు. సబ్బుతో రుద్ది నీళ్ళతో కడిగితే అవి జారిపోతాయి. వృద్ధులకు, ఆసుపత్రిలో ఎక్కువ రోజులుండేవారికి ప్రమాదం ఎక్కువ.

చికిత్సకు వాంకోమైసిన్ వంటి మందులున్నాయి. కాని కొందరికి జబ్బు మళ్ళీ మళ్ళీ తిరగబెడుతుంది. అలాంటివారికి నెదర్లాండ్స్ వైద్యులు ఏం చేశారో తెలుసా? ముక్కు మూసుకోకండి! ఆరోగ్యవంతుల మలాన్ని పరీక్షించి, ద్రవంగా కలిపి, వడగట్టి, గొట్టం ద్వారా రోగి పేగులోకి పంపారు. 2013లో ప్రకటించిన ఫలితాల ప్రకారం 16 మందిలో 13 మందికి మొదటిసారికే నయమయింది. వాంకోమైసిన్ మాత్రమే వాడిన 13 మందిలో నయమయింది నలుగురికే. చేనులో మళ్ళీ నాట్లు వేయడమంటే ఇదే!

అయితే యాంటీబయాటిక్‌లంటే భయపడకండి. న్యుమోనియా, టైఫాయిడ్ వంటి జబ్బుల్లో అవి ప్రాణం నిలబెడతాయి. ఆ మందులవల్ల వచ్చే విరేచనాలు చాలావరకు తేలికపాటివే, వాటన్నిటికీ డిఫిసిలె కారణం కాదు. కాని వైరస్‌వల్ల వచ్చే జలుబుకు అవి పనిచేయవు. అప్పుడు వాడితే చచ్చేది మిత్రులే.

మన దేశంలో యాంటీబయాటిక్ మాత్రల పట్టీమీద నిలువుగా ఎర్రగీత ఉంటుంది. డాక్టరు చీటీ లేకుండా వాడవద్దని దాని అర్థం. ఈరోజే మీ ఇంట్లో మందుల డబ్బా తెరిచి చూడండి. పోయినసారి మిగిలిన ఎర్రగీత మాత్రలు కనిపిస్తే, ఈ వ్యాసం అమ్మానాన్నలకు చదివి వినిపించండి.